‘ఉద్యోగం ఇచ్చాం కదా!’

2025 ఫిబ్రవరిలో బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ అన్న ఒక మాట దుమారం రేపింది. డబ్బో, కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లలను ఆటల్లోకి పంపవద్దన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి అలా అనడం చాలామందికి మింగుడుపడలేదు. పతకం తెచ్చినవారు కూడా ఆట మానాక ఏదో కార్యాలయంలో ‘సార్, సార్’ అంటూ కాలం వెళ్లదీయాల్సి వస్తోందన్నదే ఆ మాటలోని ములుకు.

ములుకు పాతదే. 1952లో మల్లయోధుడు ఖాషాబా జాదవ్‌ను హెల్సింకీ ఒలింపిక్స్‌కు పంపడానికి ఊళ్లో చందాలు పోగయ్యాయి. కళాశాల ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టి 7 వేల రూపాయలు తెచ్చారు (మన క్రీడాచరిత్రలో తాకట్టులకూ ఒక అధ్యాయం ఉండాలి). జాదవ్ కుస్తీలో కాంస్యం గెలిచారు. స్వతంత్ర భారతానికి అదే తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. 1955లో ఆయనకు పోలీసు ఉద్యోగం వచ్చింది. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయారు. అర్జున పురస్కారం మాత్రం ఆయన పోయాకే వచ్చింది.

ఆట మానాక బతుకు ప్రభుత్వాలకు ఎప్పుడూ కూటి సమస్యగానే కనిపించింది. అందుకే రైల్వేలో, పోలీసు శాఖలో, బ్యాంకుల్లో క్రీడా కోటా పెట్టారు. 1994లో పింఛను పథకం వచ్చింది. 2018లో ఒలింపిక్ పతక విజేతలకు దాన్ని నెలకు 20 వేలు చేశారు. ఆకలి తీర్చడం ముఖ్యమే, కాదనలేం. అయితే షూటర్ అభినవ్ బింద్రాకు కూటికి లోటేమీ లేదు. పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్క మీదే ఏళ్ల తరబడి చూపు నిలిపి, 2008 బీజింగ్‌లో చివరి గుండుకు 10.8 పాయింట్లు కొట్టి స్వర్ణం గెలిచారు. తనను అసలు శూన్యం కమ్మింది ఆ గెలుపు తరవాతేనని ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు.

హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికే పిల్లలను చేర్చుకుంటారు. అలా చిన్ననాడే హాస్టల్‌కు వెళ్లిన పిల్లకు ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎంత పరుగెత్తాలో అన్నీ ఇంకొకరే చెబుతారు. ఇరవై ఎనిమిదేళ్లకు మోకాలు మొరాయిస్తుంది. మెలకువ మాత్రం అదే వేళకు వస్తుంది, లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. పెళ్లిలో బంధువులు ‘ఇంకా ఆడుతున్నావామ్మా?’ అని పలకరిస్తే, కార్యాలయంలో తన హోదా చెప్పినా అది జవాబులా అనిపించదు.

వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిలా హరియాణాలోని యమునానగర్‌లో అకాడమీ పెట్టుకుని, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి కావడం అందరికీ దక్కే దారి కాదు.

2024 ఆగస్టు 29న, హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ జయంతి రోజున, ‘రీసెట్’ పేరుతో కేంద్రం మాజీ క్రీడాకారులకు శిక్షణ పథకం ప్రకటించింది. 20 నుంచి 50 ఏళ్లవారు అర్హులు. చదువును బట్టి అందులో రెండు విభాగాలున్నాయి. ఒకటి పన్నెండో తరగతి, ఆపైన చదివినవారికి. రెండోది పదకొండు, అంతకు లోపే బడి వదిలి మైదానానికి వెళ్లిపోయినవారికి.