బానెట్ మీద సాలెగూడు ఎవరు కట్టారు?

మొన్న సంక్రాంతికి మా బావ హైదరాబాద్ నుంచి నల్ల స్పోర్ట్స్ కారేసుకుని దిగాడు. రావులపాలెం దాటిన దగ్గర్నుంచీ ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ కింద ఎక్కడ గీసుకుపోద్దో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాడంట. కింద ఏమీ అవ్వలేదు, అయిందంతా పైనే. మా వీధి చివర రైస్ మిల్లు గొట్టంలోంచి ఊక బూడిద ఎప్పుడూ రాలుతూనే ఉంటది, దానికి తోడు భోగి మంట మసి. పొద్దున్నే ఓ పొడి తువ్వాలు తీసుకుని కారంతా శుభ్రంగా తుడిచేశాడు మహానుభావుడు. కాస్త ఎండెక్కాక చూస్తే బానెట్ నిండా సన్న గీతలు, సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు కట్టినట్టు గుండ్రంగా. "దారిలో కారు కడిగినోడు గుడ్డ గుండ్రంగా తిప్పాడు, వాడి పనే ఇది" అని ఒకటే తిట్లు. తర్వాత నన్ను పట్టుకున్నాడు, నువ్వు పిల్లలకి సైన్స్ చెప్తావు కదా, ఇవి పోతాయా చెప్పు అని.

పోతాయి బావా, కానీ అసలా గీతలు గుండ్రంగా లేవు అన్నాను. నాకేదో గాలి సోకిందన్నట్టు చూశాడు.

మీరూ నమ్మకపోతే వంటింట్లో పాత గ్యాస్ స్టవ్ దగ్గరకెళ్ళండి. ఏళ్ళ తరబడి పీచుతో అడ్డదిడ్డంగా తోమిన ఆ స్టీలు రేకు మీద, లైటు ఆపేసి ఫోన్ టార్చి వెయ్యండి. వెలుగు చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు కనపడతాయి. ఇప్పుడు టార్చి పక్కకి జరపండి, వలయాలు కూడా దాంతో పాటే జరుగుతాయి. రేకు మీద నిజంగా పడ్డ వలయమైతే లైటు వెనకాల ఎందుకు నడుస్తుంది?

జరిగేది ఇదీ. గీత అంటే చిన్న పంటబోదె అనుకోండి, రెండు పక్కలా వాలు గట్లు. వెలుగు ఆ గట్ల మీద పడితే బోదెకి అడ్డంగా, అంటే అటు గట్టు వైపుకో ఇటు గట్టు వైపుకో చెదురుతుంది గానీ బోదె పొడుగునా చెదరదు. బానెట్ మీద గీతలు వేలల్లో ఉన్నాయి, అన్ని దిక్కులా ఉన్నాయి. సూర్యబింబానికి కాస్త కుడి పక్కన మీరు చూస్తున్న చోట, వెలుగుని మీ కంటికి తిప్పగలిగేవి నిలువు గీతలే, మిగతావి ఎటో విసిరేస్తాయి కాబట్టి అవి అక్కడే ఉన్నా మీకు లేనట్టే. బింబానికి పైన అయితే అడ్డగీతలకే ఆ పని కుదురుతుంది, ఏటవాలు పక్కన ఏటవాలువి. ఇలా చుట్టూరా ఎక్కడికక్కడ సరిపోయే ముక్కలు వెలిగి, అన్నీ కలిసి వలయంలా అవుపిస్తాయి. గుడ్డ తిప్పినోడు గుండ్రంగా తిప్పినా నిలువుగా రుద్దినా, పది సార్లు పది రకాలుగా తుడిస్తే వచ్చేది సాలెగూడే.

రాజమండ్రిలో రాత్రిపూట గోదావరి గట్టు మీద కూర్చున్నోళ్ళకి ఇది ఎప్పుడూ కనపడేదే. నీళ్ళ మీద వెన్నెల దారి సరిగ్గా మన కాళ్ళ దగ్గరికే వస్తది, నడిస్తే మనతో పాటు నడుస్తది, దూరంగా కూర్చున్న ఫ్రెండుకి ఇంకో దారి, వాడిది వాడికి. అల నది అంతా ఉంది, మన కంటికి వెలుగు తిప్పే వాలున్న అలలే మనకి వెలుగుతాయి. వర్షంలో తడిసిన చెట్టు వెనకాల వీధి దీపం ఉంటే కొమ్మలు దాని చుట్టూ గూడల్లినట్టు ఉంటాయే, అదీ ఇదే. క్లాసులో మాత్రం సమతల దర్పణం, నాలుగు గుండుసూదులు, అయిదు మార్కులు. ఒక్క పిల్లాణ్ణి స్టవ్ దగ్గరకి పంపిన పాపాన పోం.

సరే, గీతలెందుకు పడ్డాయి? ఊక బూడిదలో నూటికి ఎనభై పాళ్ళ పైనే సిలికా, అంటే ఇసకలో ఉండే పదార్థమే. మన అమ్మమ్మలు బూడిదతో ఇత్తడి బిందెలు తోమింది ఊరికే కాదు. బావ తన కారుని బిందె తోమినట్టు తోమాడన్నమాట. కొత్త కారుకి బానెట్ మీద పసుపు కుంకుమ అద్ది, మర్నాడు దుమ్ముతో సహా పొడిగుడ్డతో తుడిచేవాళ్ళదీ ఇదే కథ, దిష్టి పోయిందో లేదో గానీ మెరుపు పోద్ది.

పాలిష్ పెట్టే షాపుకి నేనూ వెళ్ళాను. కుర్రాడు ముందు అంచులన్నిటికీ టేపేశాడు, అంచుల్లో పెయింట్ పలచగా ఉంటది, ఇట్టే లేచిపోద్ది. ఫోమ్ ప్యాడ్ మీద కాంపౌండ్, అంటే పాలిష్ ముద్ద, బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. మెషిన్ తిరగడమే కాదు, తిరుగుతూ ఊగుతుంది, అందుకని ప్యాడ్ వేడి ఒక్కచోటే పేరుకోదు. మధ్యమధ్యలో చెయ్యి వెనక్కి తిప్పి రేకు కాలుతుందేమో చూసుకుంటున్నాడు.

కాంపౌండ్‌లో ఉండేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడి, ఇసక కన్నా గట్టిది. గీతలు పోగొట్టడానికి గీతలు పెట్టే పొడా అంటే, అవును. పాలిష్ అంటే గీతల్ని కంటికి కనపడనంత సన్నగా చెయ్యడమేనని న్యూటన్ 1704లోనే రాశాడు. వెలుగు తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గీత అంతకన్నా బాగా సన్నబడితే వెలుగు దాన్ని దాదాపు పట్టించుకోదు. అంతే, వేల పెద్ద గీతలు తీసేసి లక్షల చిన్న గీతలు పెట్టాడు.

వ్యాక్స్ పని వేరు. కర్నౌబా మైనం బ్రెజిల్‌లో ఒక చెట్టు ఆకుల మీద తయారవుతుంది, మన తాటిచెట్టుకి దూరపు చుట్టమే అది. గీతలో గాలి ఉన్నప్పుడు, క్లియర్ కోటు (రంగు పైన ఉండే పారదర్శక పొర) వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.5 అనుకుంటే, గీత గట్టు మీద నేరుగా పడ్డ వెలుగులో 100కి 4 పాళ్ళు వెనక్కి తిరుగుతుంది. గాలి బదులు 1.45 ఉన్న మైనం కూరితే అది 0.03కి పడిపోద్ది. పకోడీల కాగితం మీద నూనె మరక పడితే అవతల అక్షరాలు కనపడతాయే, అదే కిటుకు. కాబట్టి ఉత్త వ్యాక్స్ రాసి గీతలు పోయాయంటే అవి పోలేదు, నిండాయి. నాలుగు వానలకి మైనం కొట్టుకుపోయి సాలెగూడు మళ్ళీ లేస్తది.

ఇంకోటి, క్లియర్ కోటు మొత్తం కలిపి మామూలుగా 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఎండ దెబ్బ ఆపే రసాయనం ఉండేది అందులోనే. గట్టిగా కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, ఒక్కోసారి ఎక్కువే. ఈ లెక్క చెప్పాక బావ ఏమీ మాట్లాడలేదు, డిక్కీలో ఉన్న ఆ పొడి తువ్వాలు తీసి మా గేదెల పాకలో దండెం మీద పడేశాడు.