“మళ్లీ ట్రైనింగా సార్?”: టీచర్ల శిక్షణ మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లాలో లెక్కల టీచరును. ట్రైనింగులు పెట్టినప్పుడు ఆర్పీగానూ (రిసోర్స్ పర్సన్, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చేవాడిగా) వెళ్తుంటాను. అంటే బెంచీలో కూర్చుని విసుక్కున్నదీ నేనే, బోర్డు దగ్గర నిలబడి ఆ విసుగు మొహాలు చూసిందీ నేనే. “మళ్లీ ట్రైనింగా సార్?” అనే మాట ఆదోని నుంచి పత్తికొండ దాకా ఏ స్టాఫ్ రూములోనైనా వినబడుతుంది. ఆ మాట వెనక ఉన్నవి చాలావరకు అపోహలే. ఒకటి మాత్రం అపోహ కాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

అపోహ: చిన్న తరగతులకు లెక్కలు చెప్పడానికి ట్రైనింగ్ దేనికి? కూడికలు, తీసివేతలే కదా!

వాస్తవం: ట్రైనింగ్ ఎక్కువ అవసరం పడేది అక్కడే. 503లోంచి 268 తీసేయమంటే మూడు, నాలుగు తరగతుల్లో కొందరు పిల్లలు 365 అని వేస్తారు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి ఇంకో నోటుబుక్కు అందుకుంటే ఆ పిల్ల రేపూ అదే వేస్తుంది. ఒక్క నిమిషం ఆగి ఆ 365 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 8లోంచి 3 పోతే 5, 6లోంచి 0 పోతే 6, 5లోంచి 2 పోతే 3. పైదేదో కిందదేదో పట్టించుకోకుండా ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. తీసేయడం ఆ పిల్లకు వచ్చు, రానిది స్థాన విలువ. ఇంకో పది తీసివేతలు హోంవర్కు ఇస్తే ఆ తప్పే పదిసార్లు గట్టిపడుతుంది.

పుల్లల కట్టలు ముందేసుకోవాలి. వంద కట్టను విప్పించి పది పదుల కట్టలు చేయించాలి, వాటిలో ఒకదాన్ని మళ్లీ విప్పించాలి. 503లో పదుల చోట సున్నా ఉంది కాబట్టి రెండుసార్లు విప్పితే తప్ప పని జరగదు. చిక్కంతా ఆ రెండో విప్పడం దగ్గరే. ‘మూడు వందల ఐదు’ అని చెప్తే 3005 అని రాసే పిల్లాడికీ ఓ కారణం ఉంటుంది, వాడు విన్నది విన్నట్టు రాశాడు. 0.6 కంటే 0.45 పెద్దదనే ఆరో తరగతి పిల్ల 6నీ 45నీ పోల్చుకుంటోంది. డిగ్రీలో లెక్కలు చదివినంత మాత్రాన ఇవి తెలియవు. సబ్జెక్టు తెలియడం వేరు, పిల్లలు అందులో ఎక్కడ తడబడతారో, ఏ దారిన చెప్తే అందుకుంటారో తెలియడం వేరు అని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే విడదీసి చెప్పాడు. అందుకే నేను ట్రైనింగ్‌కు వచ్చేవాళ్లను మాడ్యూల్ (శిక్షణ పుస్తకం) కంటే ముందు పిల్లల నోటుబుక్కులు తెమ్మంటాను.

అపోహ: బాగా మాట్లాడేవాడే మంచి ఆర్పీ.

వాస్తవం: నవ్విస్తాడు, పద్యం పాడతాడు, భోజనాల తర్వాత కునుకు పట్టనివ్వడు. సంతోషమే. కానీ సోమవారం మొదటి పీరియడ్‌లో ఏం చేయాలో తేలకపోతే ఆ మాటలన్నీ టీఏ (ప్రయాణ భత్యం) బిల్లుతో పాటే పాసైపోతాయి. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980ల్లో గట్టిగా చెప్పిన సంగతి ఇది: పద్ధతి వివరించి, చేసి చూపించి, టీచర్లతో చేయించినా తరగతి గదిదాకా చేరేది కొంతే. ఆ తర్వాత బడికి వచ్చి పక్కన నిలబడి సాయం చేసేవాళ్లుంటేనే అది అలవాటుగా మారుతుంది. మన దగ్గర ముందు ఎగిరిపోయేది ఆ చివరిదే. పైగా ట్రైనింగ్ రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి రోజులు తగ్గుతాయి, చేతులతో చేయాల్సింది పీపీటీ అయిపోతుంది.

అపోహ: సర్వీసు ఉన్నవాళ్లకు ట్రైనింగ్ అక్కర్లేదు.

వాస్తవం: ఆదోని వైపు బడుల్లో ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలకు తెలుగు ఎలా అందించాలో కొందరు సీనియర్ మేడమ్‌లకు తెలిసినంత ఏ మాడ్యూల్లోనూ ఉండదు. అలాంటివాళ్లను పిలిచి రోజంతా వినమని కూర్చోబెడితే వాళ్లకు చిరాకు రాక ఏమవుతుంది? ఓ గంట వాళ్లను బోర్డు దగ్గరికి పిలవండి.

అపోహ: తరగతి చూడ్డానికి ఎవరైనా వచ్చారంటే తనిఖీకే.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. వచ్చినవాళ్లు రిజిస్టర్లు, లెసన్ ప్లాన్లు చూసి సంతకం పెట్టి వెళ్తుంటే ఇంకేమనుకుంటారు! జపాన్‌లో టీచర్లు నలుగురూ కలిసి పాఠం తయారుచేసుకుంటారు, ఒకరు చెప్తే మిగతావాళ్లు పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో గమనిస్తారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లోనూ నమూనా పాఠం ఉంది. కాకపోతే చురుకైన పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, చివర్లో చప్పట్లు కొట్టి ముగించేస్తాం. చూడ్డానికి వచ్చినవాళ్లు చివరి వరస పిల్లాడి పలకలోకి తొంగి చూస్తే మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది.

అపోహ: ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేస్తే శిక్షణ అయిపోయినట్టే.

వాస్తవం: 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలంది. ప్రభుత్వ దీక్షా యాప్‌లో టీచర్ల కోసం నిష్ఠా అనే శిక్షణ కోర్సులున్నాయి, వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి. ఫోన్లో వీడియో దానిపాటికది నడుస్తుంటే పక్కన మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకునే చోట గంటలు నిండుతాయి, సర్టిఫికెట్టూ వస్తుంది. ఇద్దరు కలిసి చూసి, అందులో ఒక్క ముక్కను మర్నాడు తరగతిలో చేసి చూస్తే మాత్రం ఆన్‌లైన్‌కు వంక పెట్టను.

ఇక మిగిలింది: “టీచరు ట్రైనింగ్‌కు పోతే బడి నష్టపోతుంది.”

ఇది నిజం. ఏకోపాధ్యాయ బడి అయితే మరీ నిజం. పక్క బడి నుంచి ఒకరిని సర్దమంటారు, ఆ బడిలోనూ ఉండేది ఇద్దరే. జిల్లా పడమటి పల్లెల నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లల్లో కొందరు వెంట వెళ్తారు. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నా అందరూ ఆగరు. ఆ పిల్లలు ఊళ్లో ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే. సరిగ్గా అప్పుడే టీచరును రోజుల తరబడి మండలానికి పిలిస్తే తల్లిదండ్రులు అడగడంలో తప్పేముంది? ఒంటరి టీచర్ల ట్రైనింగులు వేసవిలో పెట్టి, ఆ రోజులకు ఆర్జిత సెలవు లెక్కగట్టి ఇవ్వాలి. తప్పనిసరై బడి రోజుల్లో పెడితే, ట్రైనింగ్ ఉత్తర్వుతో పాటే ఆ బడికి ఎవరు వెళ్తారో పేరు రాసి పంపాలి.