జీడిపిక్క తొక్కలో దొంగ

పర్లాకిమిడిలో మా పక్కింటి కోడలిది పలాస దగ్గర పల్లె. మొన్న పుట్టింటి నుంచి తెచ్చిన జీడిపప్పు డబ్బాలో పోసుకుంటూ అడిగింది. "మాస్టారూ, మా పిన్ని పిక్కలు కొట్టే పనికెళ్తాది. దాని వేళ్లు నల్లగా కాలిపోయినట్టుంటాయి. తొక్కలో అంత విషముంటే లోపలి పప్పు పిల్లకి పెట్టొచ్చేటి?"

పెట్టొచ్చు. ఎందుకు పెట్టొచ్చో చెప్పాలంటే తొక్క కథ చెప్పాలి.

పిక్కను అడ్డంగా కోస్తే తొక్క రెండు పొరలుగా కనిపిస్తుంది. ఆ పొరల మధ్య తేనెపట్టులాంటి గదుల్లో గోధుమరంగు సొన చిక్కగా నిండి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, దాని తోడు కార్డాల్. అనకార్డిక్ ఆమ్లం అణువుకు తల, ఆస్పిరిన్ తయారీకి వాడే సాలిసిలిక్ ఆమ్లమే. ఆ తలకు 15 కార్బన్ల పొడవాటి కొవ్వు తోక. కీడంతా ఈ తల, తోకల జోడీలో ఉంది.

పూర్వం దొంగలు ఒంటికి నూనె రాసుకుని కన్నం వేసేవారని వింటాం కదా, ఈ సొన సరిగ్గా అలాంటి దొంగ. మన చర్మం పైపొరలో కణాలు ఇటుకలైతే వాటి మధ్య అడుసు కొవ్వే. నీళ్లు చొరబడలేని ఆ గోడలోంచి కొవ్వు తోక ఉన్నవాడు సులువుగా జారిపోతాడు. లోపలికెళ్లి చర్మపు ప్రోటీన్లకు అతుక్కుంటాడు, అంటే ఇంటివాళ్ల చొక్కా తొడుక్కుంటాడు. కాపలా ఉండే టి-కణాలు మొదటిసారి ఆ ముఖం గుర్తుపెట్టుకుంటాయి, అంతే. మళ్లీ వచ్చినప్పుడు దొంగతోపాటు ఇంటివాళ్లనూ చావబాదుతాయి. దురద, బొబ్బలు ఒకటి రెండు రోజుల తర్వాత లేవడానికి కారణం ఇదే. ఇది కాక సొన ఎక్కువగా అంటితే చర్మం నేరుగా కాలుతుంది కూడా. పిన్ని చేతుల మీదున్నది ఈ రెండో గాయం.

ఈ దొంగకు బంధువులున్నారు. మామిడి సొన, చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి ఒకే కుటుంబం. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టుకు మనవాళ్లు జీడిమామిడి అని పేరు పెట్టారంటే ఆ చుట్టరికాన్ని ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి! కానీ దిష్టి తగలకూడదని పసిబిడ్డ ఒంటి మీద నల్లజీడి చుక్క మాత్రం దయచేసి పెట్టకండి. ఆ లేత చర్మం పుండవుతుంది.

వేయిస్తే విషం చస్తుందన్న మాట సగమే నిజం. వేడికి అనకార్డిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి కార్డనాల్ మిగులుతుంది. దొంగ తలపాగా పోతుంది, దొంగ పోడు. మనల్ని కాపాడేది తొక్కను పప్పు నుంచి శుభ్రంగా విడదీయడమే. ఆవిరి పట్టినా, కాల్చినా పిక్క పెళుసుబారి, పప్పుకు సొన అంటకుండా చీలుతుంది. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో తొక్క ముక్కలు కలిసిన జీడిపప్పు తిన్నవాళ్లలో కొందరికి దద్దుర్లు లేచాయి. వేసవిలో తోటల్లో పిల్లలు పిక్కలు కాలుస్తారు. సొన చిమ్మి మంట భగ్గుమంటుంది, ఆ పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు చెరుపు. పొగ వచ్చే వైపు కూర్చోనివ్వకండి.

పోషకాల సంగతి క్లుప్తంగా. 100 గ్రాముల పప్పులో సుమారు 550 కేలరీలు, 18 గ్రాముల ప్రోటీను, 44 గ్రాముల కొవ్వు, 290 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. కొలెస్ట్రాల్ అసలు లేదు, ఆ భయం వదిలేయండి. రోజుకు గుప్పెడు చాలు. వేరుశనగలో కన్నా దీనిలో పిండిపదార్థం ఎక్కువ. నానబెట్టి రుబ్బిన ముద్ద వేస్తే కూర పులుసు చిక్కబడేది అందుకే.

ఇంకొక జాగ్రత్త ఉంది. కొందరికి పప్పులోని ప్రోటీన్లే పడవు. ఇది తొక్క దొంగ పని కాదు, వేయించినా పోదు. నిమిషాల్లో పెదవులు వాస్తాయి, ఊపిరి బిగుస్తుంది. అప్పుడు ఇంటి వైద్యం వద్దు, ఆసుపత్రికి పరుగెత్తాలి. పసిపిల్లలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి కనుక, మొదట మెత్తగా నూరి కొంచెం నాకించి చూడమన్నాను.

పిన్నికి కూడా ఒక మాట చెప్పమన్నాను. పనికి ముందు చేతులకు ఆముదం పట్టించాలి, దొరికితే రబ్బరు తొడుగులు వేసుకోవాలి. సొన అంటితే ఉత్త నీళ్లకు పోదు, వెంటనే సబ్బుతో రుద్ది కడగాలి. కోడలు అక్కడే నిలబడి పలాసకు ఫోను కలిపింది.