ఫిలిప్పీన్స్ పాత రక్తపిశాచి సినిమాలు: అపోహలు, వాస్తవాలు

పాత సినిమాల పునరుద్ధరణలో రంగుల సవరణ నా వృత్తి. ఫిలిప్పీన్స్‌లో 1960, 1970 దశకాల్లో తీసిన రక్తపిశాచి చిత్రాల గురించి, ముఖ్యంగా భయంతో పాటు నవ్వునూ పంచినవాటి గురించి, కొన్ని మాటలు నిజాలుగా చెలామణి అవుతున్నాయి. వాటిని నమ్మి ప్రింటు మీద చేయి వేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

అపోహ: సినిమా కొంతసేపు నీలంగా, కొంతసేపు ఎర్రగా, మరికొంతసేపు మామూలు రంగుల్లో కనిపిస్తే ప్రింటు చెడిపోయినట్లే.

వాస్తవం: గెరార్డో డి లియోన్ 1964లో తీసిన ‘కులాయ్ దుగో అంగ్ గబీ’ని చూసి చాలామంది ఇలాగే పొరబడతారు. రంగుల ముడిఫిల్ము అరుదుగా దొరికే, దొరికినా ధర భారమయ్యే ఆ రోజుల్లో ఆయన కొన్ని సన్నివేశాలనే రంగుల్లో తీసి, మిగిలినవాటిని నలుపు తెలుపుల్లో తీసి, వాటికి నీలం, ఎరుపు వంటి ఛాయలు అద్దించారు. పిశాచి దరిదాపుల్లో ఉందనడానికి తెర ఎర్రబారడమే సూచన. పాక్షికంగా రంగుల్లో వచ్చిన మన పాత తెలుగు సినిమాలను చూసినవారికి ఆ ఇబ్బంది తెలుసు, కానీ దాన్ని కథకు పనికివచ్చేలా మలుచుకోవడంలోనే డి లియోన్ ప్రతిభ ఉంది. నిజంగా రంగు వెలిసిన ఈస్ట్‌మన్ (కొడాక్ వారి రంగుల ఫిల్ము) ప్రింటులో సాధారణంగా సయాన్ అనే నీలాకుపచ్చ వర్ణకం ముందుగా క్షీణించి బొమ్మంతా గులాబీ ఛాయకు తిరుగుతుంది, ఆ మార్పు షాటు మారినచోట ఆగదు. అద్దిన రంగు మాత్రం సరిగ్గా కట్ పడిన ఫ్రేము దగ్గరే మారుతుంది. ఈ తేడా చూడకుండా ఎరుపును ‘సరిచేస్తే’ దర్శకుడి పనిని తుడిచివేసినట్లే.

అపోహ: ఇవన్నీ డ్రాక్యులాకు నకళ్లు.

వాస్తవం: నల్ల అంగీ, కోరలు బయటి నుంచి వచ్చినవేనని ఒప్పుకోవలసిందే. అయితే నడుము దగ్గర రెండుగా విడిపోయి, పైసగం రెక్కలతో ఎగిరిపోయే మనానంగ్గల్ అనే పిశాచి అక్కడి పల్లెల నమ్మకం. కిందిసగం మీద ఉప్పో బూడిదో చల్లితే అది తిరిగి అతుక్కోలేదంటారు. దర్శకుడు హోసే నెపొముసేనో 1927లోనే దీన్ని తెరకెక్కించారు. 1984 నాటి ‘షేక్, రాటిల్ అండ్ రోల్’లోని ఒక భాగంలో దానితో తలపడే కుర్రవాడిగా నటించిన హెర్బర్ట్ బౌటిస్టా తరువాతి కాలంలో కెసోన్ సిటీ మేయరయ్యారు.

అపోహ: చవక నిర్మాణాన్ని కప్పిపుచ్చడానికే హాస్యం చొప్పించారు.

వాస్తవం: ఖర్చు తక్కువే, సందేహం లేదు. కానీ బోడబిల్ అనే రంగస్థల వినోదం నుంచి హాస్యనటులను తెచ్చుకున్న పరిశ్రమకు నవ్వు పైనుంచి వేసిన అతుకు కాదు. సిరియో శాంటియాగో తీసిన ‘వాంపైర్ హుకర్స్’ (1978)లో, 1940లలో హాలీవుడ్‌లో డ్రాక్యులాగా నటించిన జాన్ కారడైన్ గంభీరంగా షేక్‌స్పియర్ పంక్తులు వల్లిస్తుంటే, పిశాచి కావాలని తహతహలాడే సేవకుడు విక్ డియాజ్ అపానవాయువుతో ఆ గాంభీర్యాన్ని చెడగొడుతుంటాడు. మోటు హాస్యమే, నాకూ అంతగా రుచించదు. అయినా శబ్దాన్ని శుభ్రపరిచేవారు దాన్ని రొదగా భావించి తగ్గించడానికి వీల్లేదు.

అపోహ: పేర్లు వేరైతే సినిమాలూ వేరు.

వాస్తవం: ‘కులాయ్ దుగో అంగ్ గబీ’ అమెరికాలో ‘ది బ్లడ్ డ్రింకర్స్’ అయింది, ‘వాంపైర్ హుకర్స్’ను ‘సెమెటరీ గర్ల్స్’ పేరుతోనూ ఆడించారు. డబ్బా మీది చీటీని నమ్మకుండా ఫిల్ము అంచును చూడాలి. కొడాక్ ముడిఫిల్ము తయారైన సంవత్సరాన్ని అంచు మీది చిన్న గుర్తులు చెబుతాయి.

అపోహ: పోయిన సినిమా ఇక పోయినట్లే.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఫిలిప్పీన్స్ చిత్రాల్లో మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే, వాటిలో 1937 నాటి ‘జాంబోవాంగా’ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. లియోడీ డియాజ్ 1967లో తీసిన ‘బ్యాట్‌మన్ ఫైట్స్ డ్రాక్యులా’ మాత్రం ఇంకా ఆచూకీ లేని చిత్రాల జాబితాలోనే ఉంది. ఏ దేశపు గోదాములోనైనా ఇలాంటి పాత డబ్బా కంటబడితే ఆత్రపడి ప్రొజెక్టరుకు ఎక్కించవద్దు. మూత తీయగానే వెనిగర్ వాసన (ఫిల్ము క్షీణిస్తోందనడానికి గుర్తు) వస్తే ఆ రీలును మిగిలినవాటి నుంచి వేరుచేసి, చల్లని, పొడిగా ఉండే చోట పెట్టి, ఫిల్మ్ ఆర్కైవుకు కబురు చేయాలి.