తడిమట్టిలో వాడిన మొక్క

బాల్కనీలో మొదటిసారి టమాటా పెంచినప్పుడు ఒక సంగతి నాకు అంతుపట్టలేదు. మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం వేలాడిపోయాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకో చెంబు పోశాను. మర్నాటికి ఇంకా వాడింది. నాలుగు రోజుల తర్వాత పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే తొక్క ఊడి వచ్చేస్తున్నాయి. దాహంతో ఉందనుకున్న మొక్కకు నిజానికి ఊపిరాడలేదు.

వేళ్ళకూ గాలి కావాలి. ఆకులు పంపిన చక్కెరను ఆక్సిజన్ సాయంతో ఖర్చుచేసి, వచ్చిన శక్తితో అవి పోషకాలను లోపలికి లాక్కుంటాయి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించినంత సులువుగా నీటిలో వ్యాపించదు. వేగం దాదాపు 10,000 రెట్లు తగ్గిపోతుంది. మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే వేళ్ళకు ఆక్సిజన్ అందడం ఇంచుమించు ఆగిపోతుంది. అలా చిక్కుకున్న వేరు తన కణాల్లోకి నీరు వచ్చే దారులను మూసుకుంటుంది. ఇక చుట్టూ నీరున్నా తాగలేదు. పైనున్న ఆకులు వాడతాయి. మనం అది దాహమనుకుని మళ్ళీ నీళ్ళు పోస్తాం.

నేలలో వేసిన మొక్కకు ఈ కష్టం అంత తేలిగ్గా రాదు. కుండీలో ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి గిన్నెలు తోమే స్పాంజి ఒకటి చాలు. దాన్ని నీళ్ళలో బాగా నానబెట్టి, పిండకుండా, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కాసేపు నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్ళీ కారడం మొదలవుతుంది. స్పాంజి అదే, అందులోని రంధ్రాలూ అవే. మారింది ఎత్తు మాత్రమే.

మట్టి రేణువులు నీటిని పట్టి ఉంచుతాయి, భూమి కిందికి లాగుతుంది. కుండీ అడుగు నుంచి కొన్ని సెంటీమీటర్ల ఎత్తు వరకు పట్టుదే పైచేయి. ఆ మేరకు సందులన్నీ నీటితో నిండే ఉంటాయి. అడుగున ఎన్ని రంధ్రాలు పెట్టినా ఆ నీరు దానంతట అది దిగదు. నేలలో అయితే కింద ఇంకా మట్టి ఉంటుంది గనక, పైపొరలోని నీటిని అది తనలోకి లాక్కుంటుంది. కుండీకి ఆ ఆసరా లేదు. నీరు నిలిచే ఈ పొర మందం రేణువుల సైజును బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి మారదు. ఉదాహరణకు పొర 5 సెంటీమీటర్లు అనుకుందాం. 10 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో సగం బురదే. 30 సెంటీమీటర్ల కుండీలో అది ఆరో వంతు. అందుకే నేను కొత్తవాళ్ళకు వెడల్పాటి పళ్ళెం లాంటి తొట్ల కంటే లోతైన కుండీలు కొనమని చెబుతాను.

అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మాను. కానీ సన్నటి సందుల్లో ఉన్న నీరు, కింద పెద్ద సందులు కనబడగానే వాటిలోకి దూకదు. పైమట్టి పూర్తిగా నానేదాకా అక్కడే పట్టుకుని ఉంటుంది. ఫలితంగా బురద పొర రాళ్ళ మీదికి ఎక్కి కూర్చుంటుంది, వేళ్ళకు దక్కే చోటు ఆ మేరకు తగ్గిపోతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న వల ముక్క వేస్తే సరిపోతుంది. మార్చాల్సింది మట్టి మిశ్రమాన్ని. తోటమట్టి ఒక్కటే నింపితే సన్నటి రేణువులు సర్దుకుని గట్టిపడతాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన కంపోస్టు, వాటిలో పెర్లైట్ లాంటి గరుకు పదార్థం కలిపితే నీరూ గాలీ రెండింటికీ చోటుంటుంది. బరువూ తగ్గుతుంది. బాల్కనీ మోయగలిగే బరువుకు హద్దు ఉంది కాబట్టి ఇదీ చిన్న విషయం కాదు.

కుండీ సైజు గురించి ఒక లెక్క నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 2012లో వెలువడిన ఒక విశ్లేషణలో 65 అధ్యయనాల ఫలితాలను కలిపి చూశారు. కుండీ సైజు రెట్టింపైతే మొక్క బరువు సగటున 43 శాతం పెరిగింది. ఇరుకు కుండీలో ఆకులు చేసే కిరణజన్య సంయోగక్రియే మందగించడం దీనికి ముఖ్య కారణమని తేలింది. కింద చోటు లేదన్న కబురు పైన ఆకు దాకా వెళుతుందన్నమాట! పదిమొక్కలను పది చిన్న డబ్బాల్లో కుక్కడం కంటే, రెండు మొక్కలకు రెండు పెద్ద కుండీలు ఇస్తే ఎక్కువ కాయలు తినొచ్చని నా అనుభవం కూడా.

ఇక ఎన్ని నీళ్ళు పోయాలి? 1724 జూలైలో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లిష్ మతగురువు మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలోనే ఉంచి, మట్టి నుంచి ఆవిరి పోకుండా పల్చటి సీసపు రేకుతో మూసి, పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం తూచాడు. పగటి పన్నెండు గంటల్లో అది ఆకుల ద్వారా సగటున 20 ఔన్సుల నీరు వదిలింది. అంటే దాదాపు 570 గ్రాములు. రాత్రిళ్ళు మాత్రం చాలా తక్కువ. ఐదు లీటర్ల కుండీలో మొక్క అందుకోగల నీరు ఒకటి రెండు లీటర్లకు మించదు కాబట్టి, అంత పెద్ద మొక్కకు అది ఎన్నాళ్ళు వస్తుందో ఊహించుకోవచ్చు. పై అంతస్తుల్లో గాలి ఎక్కువైతే ఆకును అంటిపెట్టుకున్న తేమ పొర కొట్టుకుపోయి ఖర్చు ఇంకా పెరుగుతుంది. రోజుకు ఇన్ని చెంబులని లెక్క పెట్టుకోవడం అందుకే పనికిరాదు. హేల్స్ లాగే బరువు చూడండి, తక్కెడ కూడా అక్కర్లేదు. నీళ్ళు పోసిన వెంటనే కుండీని ఓ పక్క కాస్త ఎత్తి చూడండి, మర్నాడూ ఎత్తి చూడండి. వారం తిరిగేసరికి చెయ్యే చెబుతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయాలి.

అలా కారే నీటితో పోషకాలూ పోతాయి. ముఖ్యంగా నత్రజని. మొక్కలు ఎక్కువగా తీసుకునే నైట్రేట్‌కు రుణావేశం ఉంటుంది, మట్టి రేణువులకూ కంపోస్టుకూ ఉన్నది ఎక్కువగా రుణావేశమే. రెండూ అంటుకోవు. అందుకే నీటితో జారిపోతుంది. అసలు మట్టి నుంచి మొక్క తీసుకునేది ఎంత? బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 200 పౌండ్ల ఎండుమట్టి ఉన్న తొట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది, మట్టి మాత్రం 2 ఔన్సులే తగ్గింది. ఆయన చనిపోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టంతా నీటితోనే తయారైందని ఆయన అనుకున్నాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పాత్ర అప్పటికి తెలియదు. ఆ రెండు ఔన్సులే మనం వేసే ఎరువు. కొంచెమే కావాలి, కానీ తప్పక కావాలి. ఒకేసారి దండిగా వేస్తే లవణాలు పేరుకుని వేరు నీరు పీల్చడమే కష్టమవుతుంది. పల్చగా, తరచుగా ఇవ్వడం మేలు.

టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడితే మందు కొట్టకండి, అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందలేదని గుర్తు. కాల్షియం నీటి ప్రవాహంతోపాటే పైకి వెళుతుంది, ఆవిరి ఎక్కువగా వదిలే ఆకులకే ఎక్కువ చేరుతుంది. కుండీ ఒకరోజు ఎండి ఒకరోజు నిండితే కాయ కొసకు అందదు. మట్టిలో కాల్షియం ఉన్నా ఇలా జరుగుతుంది. కాబట్టి మొదట సరిచేయాల్సింది నీళ్ళు పోసే తీరునే.

వెలుతురు విషయంలో మన కళ్ళు మోసం చేస్తాయి. నిండు ఎండ దాదాపు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, నీడపట్టు బాల్కనీలో అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కన్ను సర్దుకోవడం వల్ల మనకు రెండూ వెలుతురుగానే కనిపిస్తాయి. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. ఒక సెలవురోజున గంటకోసారి వెళ్ళి ఎండ ఎక్కడ పడుతోందో రాసుకోండి. ఆరు గంటల ఎండ ఉంటే టమాటా, మిరప, వంగ, అంటుకట్టిన నిమ్మ పెట్టొచ్చు. మూడు నాలుగు గంటలే ఉంటే పాలకూర, కొత్తిమీర, పుదీనా. పుదీనాకు మాత్రం విడిగా కుండీ ఇవ్వండి, పక్కవాటిని బతకనివ్వదు.

పూత బాగా వచ్చి రాలిపోతుంటే తేనెటీగలు అంత ఎత్తుకు రావడం లేదేమో చూసుకోవాలి. టమాటా పువ్వులో పుప్పొడి గొట్టం లాంటి సంచిలో ఉంటుంది, కదిలిస్తేనే రాలుతుంది. తుమ్మెదల్లాంటివి కొన్ని రెక్కల కండరాలతో పువ్వును వణికిస్తాయి. మనం కాడ మీద వేలితో మెల్లగా తట్టినా చాలు. రాత్రిళ్ళు మరీ వేడిగా ఉంటే పుప్పొడే సరిగా తయారుకాదు, అప్పుడు వాతావరణం చల్లబడేదాకా ఆగాల్సిందే. దోస, గుమ్మడి జాతుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. వెనక చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. పొద్దున్నే మగపువ్వును కోసి, రేకులు తీసేసి, దాని మధ్యభాగాన్ని ఆడపువ్వు మధ్యలో సున్నితంగా రుద్దండి. పరాగసంపర్కం జరగకపోతే కొద్దిరోజుల్లోనే పిందె పసుపు పచ్చగా మారి రాలిపోతుంది. జరిగితే పువ్వు వడలిపోయినా పిందె పచ్చగానే ఉండి, రోజురోజుకూ లావెక్కుతూ కిందికి వంగుతుంది.