దేకిన పిల్ల, గడప దాటిన పిల్లాడు

మా చిన్నాడు కిందటి సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నడిచాడు. పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. అత్తయ్య గిన్నెలో నీళ్ళు పోసుకుని, పాకం చుక్క అందులో వేసి ఉండ కడుతోందో లేదో చూస్తున్నారు. గోడ పట్టుకుని నిలబడ్డవాడు ఉన్నట్టుండి గోడ వదిలేశాడు. రెండు చేతులూ గాల్లోకి లేపి మూడడుగులు వేసి, జల్లించి పెట్టిన తడి పిండిలో చతికిలపడ్డాడు. "పిండి పోతే పోయింది, అడుగు పడిందమ్మాయ్!" అంటూ అత్తయ్య గరిటె వదిలేసి వాణ్ణి ఎత్తుకున్నారు. వాడికి అప్పటికి 11 నెలలు. వాడి అక్క నడిచింది 17 నెలలు నిండాక.

ఆ ఆరు నెలల తేడా నాకు నిద్ర లేకుండా చేసిన రోజులున్నాయి. అందుకే ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో తర్వాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను.

మన ఇళ్ళలో పిల్లల ఎదుగుదలకి ఒక లెక్క ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఇంటింటికీ మాట కొంచెం మారుతుంది గానీ లెక్క అదే. ఆ వరసలో ఎక్కడా నెలల ప్రస్తావన ఉండదు. ఫలానా నెలకి బోర్లా పడాలి, ఫలానా నెలకి నడవాలి అని ఎవరూ చెప్పలేదు. పిల్ల ఎప్పుడు బోర్లా పడితే అప్పుడే బొబ్బట్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే సంగతిని కొలిచి చూసింది. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని నాలుగో నెల నుంచి నడక వచ్చేదాకా గమనించి, ఆ ఫలితాలు 2006లో ప్రచురించారు. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని తేలింది. ఏమీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. నూటికి 98 మంది ఆరోగ్యవంతమైన పిల్లలు ఈ హద్దుల లోపలే ఉన్నారు. అంటే నడక ఒక్కదానికే తొమ్మిది నెలలకు పైగా వెసులుబాటు. "ఏడాదికల్లా నడవాలి" అని అందరూ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. ఏడాది అనేది ఆ లెక్కకి నడిమి గీత. నడిమి గీత అంటేనే సగం మంది పిల్లలు దాని తర్వాత నడుస్తారని. ఆ సగంలో ఉన్న పిల్లకి లోపమేమీ లేదు.

ఆ అధ్యయనంలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి ఉంది. అరచేతులూ మోకాళ్ళూ ఆనించి కదలడాన్ని వాళ్ళు విడిగా లెక్కపెట్టారు. నూటికి సుమారు నలుగురు పిల్లలు ఆ పని అసలు చేయనే లేదు, నేరుగా ముందుకెళ్ళిపోయారు. మన భాషకి ఈ తేడాలు ముందునుంచీ తెలుసు. పొట్ట మీద ఈడ్చుకుంటూ పోతే పాకడం. చేతులూ మోకాళ్ళ మీద పోతే దోగాడటం. కూర్చుని పిర్రల మీద జరుగుతూ పోతే దేకడం. మా పెద్దది దేకిన పిల్ల. ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలని లాగుతూ వసారా ఈ చివర నుంచి ఆ చివరకి చకచకా వెళ్ళిపోయేది. ఒక్కరోజు కూడా దోగాడలేదు.

పక్కింటి వదినగారి అబ్బాయి 10 నెలలకే నడిచాడు. ఆవిడ ప్రేమగానే అడిగేది, "ఇంకా పట్టుకునే నిలబడుతోందా వదినా?" అని. నాకు మాత్రం ఆ మాట వినగానే టెన్షన్ మొదలయ్యేది. ఎవరో చెప్తే చక్రాల వాకర్ కొన్నాం. 15వ నెలలో పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, చంకల కింద పట్టుకుని నిలబెట్టి, తుంటి కీళ్ళు కదిపి చూసి, "ఇంట్లో ఇంకెవరైనా ఇలా దేకారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "మా అబ్బాయి దేకాడండీ. ఏడాదిన్నర దాకా దేకి దేకి నిక్కర్లన్నీ చిల్లులు పడిపోయేయండీ, ఆయ్." డాక్టరు గారు నవ్వారు. దేకే పిల్లలు తరచు ఆలస్యంగానే నడుస్తారు, చాలాసార్లు అది కుటుంబంలోనే వస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండి, కూర్చునే ఎక్కడికైనా వెళ్ళగలిగే పిల్లకి లేచి నిలబడాల్సిన తొందర తక్కువ.

వాకర్ మాత్రం అటక ఎక్కించేయమన్నారు. అందులో కూర్చున్న పిల్ల మునివేళ్ళతో నేలని తన్నుకుంటూ పోతుంది. ఒళ్ళు నిలదొక్కుకునే పని వాకర్ చేసిపెడుతుంది కాబట్టి పిల్లకి ఆ సాధన దొరకదు. పైగా మెట్ల మీంచి బోర్లా పడే ప్రమాదం. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. పాతకాలపు మూడు చక్రాల కొయ్యబండి వేరు. దాన్ని తోయాలంటే పిల్ల తన కాళ్ళ మీద తనే నిలబడాలి.

వెసులుబాటు ఉందని చెప్పాను గానీ, దానికి చివర కూడా ఉంది. ఇది మనసుపెట్టి చదవండి. 18 నెలలు నిండినా నాలుగడుగులు వేయకపోతే, ఏడాది లోపే ఎప్పుడూ ఒక చేతినే వాడుతూ రెండోది వదిలేస్తుంటే, చప్పుడుకి తల తిప్పకపోతే, వచ్చిన మాట గానీ వచ్చిన పని గానీ పోతే, "మెల్లిగా అదే వస్తుందిలే" అని ఆగొద్దు. నెల తక్కువ పిల్లలకి లెక్క పుట్టిన తేదీ నుంచి కాదు. రెండు నెలలు ముందు పుడితే ఆ రెండు నెలలూ వయసులోంచి తీసేసి చూడాలి. పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీ పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం ఆ పథకం బృందాల పని. డబ్బు కట్టక్కర్లేదు. అడగాలి అంతే.

ఇక నడక ఎలా వస్తుందన్నది. పెద్దది రాజోలు దగ్గర మా పుట్టింట్లో పెరిగిన మొదటి మూడు నెలలూ మా అమ్మే నీళ్ళు పోసేది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టుకుని, నూనె రాసి, పిండితో నలిచి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు. పది రోజుల బిడ్డని చంకల కింద పట్టుకుని పాదాలు నేలకి ఆనిస్తే ఒక కాలు తర్వాత ఒక కాలు ఎత్తి వేసేది, అచ్చం నడిచినట్టే. "ఇది పుడుతూనే నడక నేర్చుకొచ్చింది" అని అమ్మ మురిసిపోయింది. రెండో నెలకి ఆ అడుగులు ఆగిపోయాయి. నేను కంగారుపడ్డాను.

అందరు పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. మెదడు ఎదిగేకొద్దీ ఆ పసి అడుగుల్ని అణిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఎస్తర్ థెలెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకి ఆ జవాబు నచ్చలేదు. మొదటి నెలల్లో పిల్లల కాళ్ళకి కొవ్వు పడుతుంది, కండ మాత్రం ఆ వేగంతో బలపడదు. కాళ్ళు బరువెక్కి ఎత్తలేకపోతున్నారేమో అని ఆమె అనుకుంది. 1984లో వచ్చిన పరిశోధనలో ఆమె, సహచరులు నెల పిల్లల కాళ్ళకి చిన్న బరువులు కట్టారు, అడుగులు తగ్గాయి. ఆ వయసు పిల్లల్నే నీళ్ళలో నిలబెట్టారు, అడుగులు పెరిగాయి. నీళ్ళు కాళ్ళ బరువు మోస్తే అడుగు మళ్ళీ పడింది. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ స్నానాల పీట గుర్తొచ్చింది. అమ్మ కాళ్ళ మీద బొద్దుగా కదలకుండా పడుకున్న పిల్ల, టబ్బులో దింపగానే సైకిల్ తొక్కినట్టు తన్నేది. నడక మెదడులో రాసిపెట్టి ఉండి టైము రాగానే బయటికొచ్చేది కాదన్నమాట. తొడ కండ, కాలి బరువు, నడుము పట్టు, ఇంట్లో నేల, పిల్ల కోరిక, ఇవన్నీ ఒకచోట కుదిరినప్పుడు వస్తుంది. ఇన్ని కుదరాల్సినచోట అందరికీ ఒకే నెల ఎలా వస్తుంది?

తొలి అడుగు తర్వాత వాళ్ళు చేసే శ్రమ చూస్తే కళ్ళు చెమరుస్తాయి. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో కేరన్ అడాల్ఫ్ బృందం, ఏడాది నుంచి 19 నెలల వయసు పిల్లలు ఆడుకుంటుంటే వీడియో తీసి లెక్కపెట్టింది. సగటున గంటకి 2,368 అడుగులు, 17 సార్లు పడటం. నేనూ ఒక సాయంత్రం వసారాలో కూర్చుని మా చిన్నాడు ఎన్నిసార్లు పడ్డాడో లెక్కపెట్టాను. అరగంటలో తొమ్మిది. రెండుసార్లే ఏడ్చాడు, ఒకసారి నా మొహం చూశాకే ఏడ్చాడు.

మాటల గురించి ఒక్క ముక్క. పెద్దది నడవని నెలల్లో మాటలు గడగడా వచ్చేశాయి. మన పిల్లల తొలి మాటలు చూడండి: అమ్మ, తాత, అత్త, బువ్వ. పెదవులు కలిస్తేనో, నాలుక పళ్ళకి తాకితేనో చాలు పలికేవి, ఒకే శబ్దం రెండుసార్లు ఒత్తేవి. కానీ వినడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మన చెవికి ట, త రెండూ వేరు. ఇంగ్లీషు వాళ్ళకి ఆ తేడా వినపడటం కష్టం. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించిందేమిటంటే, ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పిల్లలు కూడా ఆరేడు నెలల వయసులో హిందీలోని ఆ ట, త తేడాని పట్టుకుంటారు. ఏడాది నిండే సరికి ఆ పట్టు చాలావరకు పోతుంది. ఇంట్లో వినపడనిదాన్ని చెవి వదిలేస్తుంది. అందుకే ఆరు నెలల బిడ్డతో ఊసులాడటం వృథా కాదు. జవాబు రాకపోయినా ఆ చెవి పని చేస్తూనే ఉంటుంది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువల్లో ఊరూరికీ వచ్చాయి. మేం తినే అన్నం ఆ నీళ్ళదే. కోనసీమలో చాలా ఇళ్ళకి పెరడు దాటితే కాలువో, బోదో, చెరువో ఉంటుంది. మా ఇంటికీ అంతే. పెరట్లో కొబ్బరి చెట్లు, వాటి వెనక గట్టు, గట్టు దిగితే రేవు.

అడాల్ఫ్ 1997లో ప్రచురించిన మరో పరిశోధన నాకు ఆ రేవునే గుర్తుచేస్తుంది. వాలు మార్చగల బల్లల మీద పిల్లల్ని వదిలి చూశారు. కొత్తగా పాకే పిల్లలు ఎంత ఏటవాలుగా ఉన్నా తలముందుగా దిగిపోయారు, పక్కనున్న వాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. వారాల తరబడి పాకాక, దిగగలిగే వాలేదో దిగలేనిదేదో చూసి తెలుసుకున్నారు, ప్రమాదమనిపిస్తే ఆగిపోయారు. ఆ పిల్లలే లేచి నడక మొదలుపెట్టగానే ఆ తెలివి పనికి రాలేదు. పాకుతూ ఆగిన వాలు మీదే నిలబెడితే నేరుగా నడిచిపోయారు. వారాల తరబడి నడిచాక గానీ మళ్ళీ తెలుసుకోలేదు. పాకే ఒంటికి తెలిసింది నడిచే ఒంటికి తెలియదన్నమాట. "మా వాడికి భయం తెలుసండీ, గట్టు దగ్గరికి పోడు" అని మనం అనుకునేది కిందటి నెల పిల్లాడి గురించి.

మా చిన్నాడి విషయంలో ఇది కళ్ళారా చూశాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఎండిన కాలువలో దిగి తిరిగేవాడు. అడుగున నత్తగుల్లలు ఏరుకునేవాడు. జూన్‌లో నీళ్ళు వదిలారు. రెండో రోజు పొద్దున, బట్టలు ఆరేస్తూ తిరిగి చూసేసరికి రేవు పైమెట్టు మీద నిలబడి ఉన్నాడు, నత్తగుల్లల కోసం కిందకి చూస్తూ, ఒక కాలు ముందుకి పెట్టి. బురద నీళ్ళు. వాడి కళ్ళకి అది మొన్నటి నేలే. ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. పట్టుకున్నాక చాలాసేపు మాట రాలేదు.

ప్రపంచవ్యాప్తంగా నీటమునిగి చనిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న వయసు ఒకటి నుంచి నాలుగేళ్ళు. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది. వంగితే తలే ముందు పోతుంది, తిరిగి లేచే బలం ఉండదు. బక్కెట్‌లో జానెడు నీళ్ళు చాలు. అరుపు వినపడదు, నిమిషాల్లో అయిపోతుంది. మనలాగే డెల్టాలో బతికే బంగ్లాదేశ్‌లో గమనించిందేమిటంటే, ఇలాంటివి ఎక్కువగా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్యలో జరుగుతాయి, తల్లి పనిలో మునిగి ఉన్నప్పుడు. అక్కడ ఆ నాలుగు గంటలూ ఊళ్ళోనే పిల్లల్ని ఒకచోట చూసుకునే ఏర్పాటు చేస్తే మరణాలు బాగా తగ్గాయి. అంగన్‌వాడీ అనగానే మనకి గుడ్డూ పాలూ గుర్తొస్తాయి. ఆ కాసేపు పిల్లలు నీటికి దూరంగా, ఒక పెద్ద మనిషి కంటి ముందు ఉండటం కూడా అంత విలువైనదే.

రేవు దగ్గర వాణ్ణి పట్టుకున్న రోజే పెరటికి కర్ర గేటు పెట్టించాం, మనిషెత్తు. బయటి గడియ. బక్కెట్లన్నీ బోర్లించడం అత్తయ్య తన పనిగా పెట్టుకున్నారు.

ఇప్పుడు వాడికి 20 నెలలు. నిన్న పొద్దున పెరట్లో టకటకమని చప్పుడైతే వెళ్ళి చూశాను. గేటు అడుగు పట్టె మీద కాలు పెట్టి, మునివేళ్ళ మీద లేచి, పట్టెల సందులోంచి చెయ్యి బయటికి పోనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గడియ కొస పట్టుకుని లాగుతున్నాడు. ఆరు నెలల కిందట ఆ వేళ్ళకి బఠాణీ గింజ తియ్యడం పెద్ద పని. వాణ్ణి దించకుండా ఒక నిమిషం అలాగే చూశాను.

మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. "ఎంత పైకి పెట్టమంటారండీ?" అని అడిగాడు. చిన్నాణ్ణి ఆ పట్టె మీద నిలబెట్టి, చెయ్యి బాగా పైకెత్తించి, ఆ వేళ్ళ చివర నుంచి ఇంకో మూరెడు కొలిచి పెన్సిల్‌తో గీత గీశాను.