ఎర్ర లైటు ఆరని నాలుగు నిమిషాలు

అనంతపురం పాతూరులో మా మామకు చెనిక్కాయ విత్తనాల అంగడి ఉంది. పొద్దున షట్టర్ ఎత్తగానే కంప్యూటర్ ఆన్ చేస్తాడు. అంగడి చిమ్మి, నీళ్లు చల్లి, పటానికి ఊదుబత్తీ వెలిగించి, టీ తాగొచ్చి కూర్చుంటాడు. అప్పటికీ బిల్లు కొట్టే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

"ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాది గదా అల్లుడా?" అన్నాడు. డిస్క్ అంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడమన్నమాట. మన దగ్గర కంప్యూటర్‌కు ఏ జబ్బొచ్చినా ఇదే మందు. నాకు మాత్రం ముందు టైము ఎక్కడ పోతోందో చూడాలనిపించింది.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి బటన్ నొక్కాను. విండోస్ రాకముందే నల్ల తెర మీద తేదీ తప్పుందని, ఎఫ్1 నొక్కమని ఆగిపోయింది. చూస్తే 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032 అని, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. మామ ఇంటికి పోతూ మెయిన్ ఆపేస్తాడు కాబట్టి రాత్రంతా భారం దాని మీదే. కొత్తది వేశాను, ఆ గొడవ తీరింది.

అసలు తిప్పలు డెస్క్‌టాప్ కనబడ్డాక మొదలయ్యాయి. ఐకాన్లన్నీ ఉన్నాయి, ఏది నొక్కినా పలకదు. డబ్బా ముందున్న చిన్న ఎర్ర లైటు నాలుగు నిమిషాలు ఆరలేదు. అది ఫైళ్లన్నీ దాచుకునే హార్డ్‌డిస్క్ పనిలో ఉందని చెప్పే లైటు. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 10 శాతం దగ్గర ఊరికే కూర్చుంది, డిస్క్ మాత్రం 100 శాతం.

హార్డ్‌డిస్క్ లోపలి పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు. చదివే తలను మోసే చెయ్యి ఒకటి దాని మీద అటూ ఇటూ జరుగుతుంది. చెయ్యి సరైన చోటికి పోవాలి, కావలసిన డేటా ముక్క తిరుగుతూ తల కిందికి రావాలి. రెండూ కలిపి సుమారు 13 మిల్లీసెకన్లు. సెకనుకు 75 ముక్కలు, ముక్కకు 4 కిలోబైట్ల లెక్కన 300 కిలోబైట్లు. అదే డిస్క్ ఒక సినిమా ఫైలును వరసగా చదివితే సెకనుకు 150 మెగాబైట్ల దాకా ఇస్తుంది. 500 రెట్లు తేడా! గోదాములో ఒకే చోటున్న ఇరవై మూటలు మోసుకురావడం వేరు, ఇరవై మూలల నుంచి ఇరవై పిడికిళ్ల విత్తనాలు తెమ్మనడం వేరు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు డిస్క్‌తో చేయించేది ఈ రెండో పనే.

1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్‌డిస్క్‌లో 50 పళ్లేలుండేవి. పట్టేది 50 లక్షల అక్షరాలు, ఒక చోటు వెతికి అందుకోడానికి దాదాపు 600 మిల్లీసెకన్లు. ఇప్పటి ఒక టెరాబైట్ డిస్క్‌లో దానికి రెండు లక్షల రెట్లు పడుతుంది. చెయ్యి వేగం మాత్రం 50 రెట్లు కూడా పెరగలేదు.

టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో, ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి పదకొండు ప్రోగ్రాములు క్యూ కట్టి ఉన్నాయి. మామ ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకుది కూడా! యాంటీవైరస్ వదిలేసి ఎనిమిదింటిని ఆపితే ఒక నిమిషం తగ్గింది. మిగతా మూడు నిమిషాలు? డబ్బాకు చెవి ఆనిస్తే టక్కు టక్కుమని చప్పుడు. డిస్క్ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది, స్మార్ట్ అంటారు. అందులో చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న గడులు, 40 కనబడ్డాయి. అలాంటి చోట తల మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి సెకన్ల తరబడి. ఫార్మాట్ కొట్టి ఉంటే పాడైన డిస్క్ అట్లే ఉండేది, నాలుగేళ్ల ఖాతాలు పోయేవి.

ముందు ఖాతాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తర్వాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్పుల్లో దాచుకునే డిస్క్, బిగించాను. అందులో తిరిగే పళ్లెం లేదు, చెయ్యీ లేదు, ఏ మూల ముక్కైనా 0.1 మిల్లీసెకను అటూఇటూగా అందుతుంది. స్టాప్‌వాచ్ 28 సెకన్లు చూపించింది.

రాత్రి మెయిన్ ఆపొద్దంటే మాత్రం మామ వినలేదు. ఇంకో సెల్ కొనుక్కొచ్చి గల్లాపెట్టెలో వేసుకున్నాడు.